షుగరుకు ఆకు మందులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల షుగరు జబ్బు గురించి రాశాక వరంగల్, ములుగు, జనగామ, మంచిర్యాల వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఆకులు, గింజలు, బెరళ్ళ గురించే. నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే దవాఖానలో డాక్టరు ముందు ఈ మాట ఎవరూ ఎత్తరు. ఇంట్లో రోజూ ఏదో పొడి మింగుతూనే ఉంటారు, చీటీ రాసే మనిషికి మాత్రం చెప్పరు, చెబితే తిడతాడని భయం. పేర్లు తీసేసి, ప్రశ్నలు కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా అత్తమ్మకు అరవై ఏళ్ళు, ఎనిమిదేళ్ళుగా షుగరు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన గోలీ రెండు పూటలా వేసుకుంటది. జాతరలో పొడపత్రి పొడి కొన్నది, పరగడుపున చెంచాడు తాగుతున్నది. మొన్న తెల్లారుజామున ఒళ్ళంతా చెమటలు, వణుకు, మాట తడబడింది. చక్కెర నీళ్ళు తాపితే లేచి కూర్చున్నది. పొడి పని చేస్తున్నట్టా, వికటించినట్టా?" (ఒక కోడలు, హన్మకొండ)

చక్కెర నీళ్ళు తాగించి మంచి పని చేశారమ్మా. మీరు రాసినవన్నీ షుగరు మరీ పడిపోయినప్పటి లక్షణాలు. మీటరులో 70 కంటే తక్కువ వస్తే అది ప్రమాదం కిందే లెక్క. మళ్ళీ ఎప్పుడైనా ఇలా అయితే మూడు టీ చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి, పావుగంట ఆగి మీటరుతో చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక అన్నమో రొట్టో తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఇంకో సంగతి, గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళకు ఒకసారి తేరుకున్నా కొన్ని గంటల తర్వాత షుగరు మళ్ళీ పడిపోవచ్చు, అందుకే ఆ రోజంతా ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

ఇక పొడి సంగతి. పొడపత్రి ఉత్త ఆకు కాదు. పచ్చి ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక తిన్నట్టు ఉంటుంది, తీపి తెలియదు. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తాయి. పేగులో చక్కెర ఒంటికి పట్టడాన్ని కూడా ఇవి తగ్గిస్తాయని పరిశోధకుల అంచనా. మద్రాసులో చేసిన ఒక పరిశోధన 1990లో అచ్చయింది. అందులో 22 మంది షుగరు రోగులకు, వాళ్ళు వేసుకుంటున్న గోలీలతో పాటే, రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం ఏడాదిన్నరకు పైగా ఇచ్చారు. చాలామందికి గోలీల మోతాదు తగ్గించగలిగారు, అయిదుగురికి గోలీలు పూర్తిగా ఆపగలిగారు. చిన్న పరిశోధనే, మందు లేని ఉత్తుత్తి గోలీ ఇంకో జట్టుకు ఇచ్చి పోల్చి చూసింది కూడా కాదు, కాబట్టి దీనితోనే తీర్పు చెప్పలేం. కానీ ఒకటి గమనించండి, అక్కడ మోతాదు లెక్క ప్రకారం ఇచ్చారు, షుగరు కొలుస్తూ గోలీలు తగ్గించుకుంటూ వచ్చారు. మీ ఇంట్లో జరిగింది వేరు. గ్లిమిపిరైడ్ మోతాదు అలాగే ఉంది, దాని మీద ఎంత బలముందో తెలియని పొడి ఒక చెంచా వచ్చి పడింది.

అయితే తప్పంతా పొడిదే అని కూడా నేను అనను. రాత్రి అన్నం తక్కువ తిన్నారా, కిడ్నీ పనితీరు ఎలా ఉంది, ఇవన్నీ చూడాలి. వయసు మీద పడ్డాక కిడ్నీ నెమ్మదించి అదే గ్లిమిపిరైడ్ ఎక్కువైపోవడం మామూలుగా కనిపించేదే. కాబట్టి పొడి ఇవాళే ఆపండి, పొడి పొట్లం చేతిలో పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), మూడు నెలల సగటు షుగరు పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయించండి. గోలీల మోతాదు మీ అంతట మీరు మార్చవద్దు.

"ఇంగ్లీషు మందులతో కిడ్నీలు పోతాయని అందరూ అంటున్నరు. మెట్‌ఫార్మిన్ ఆపేసి ప్రకృతి మందులకే మారుదామనుకుంటున్న. మీరేమంటరు?" (ఒక రైతు, పరకాల)

ఆపవద్దు అంటాను. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదవండి.

మీరు ఆపేద్దామనుకుంటున్న ఆ గోలీ పుట్టిందే ఒక చెట్టు నుంచి. యూరప్‌లో గలేగా అనే మొక్క ఉంది, ఊదా రంగు పూలు పూస్తుంది, అక్కడి పాత వైద్యంలో అతిమూత్రానికి వాడేవాళ్ళు. అందులోని గలేజిన్ అనే పదార్థం షుగరును తగ్గిస్తుందని తేలింది, కానీ అది విషం కూడా, ఆ మొక్క ఎక్కువ మేసిన గొర్రెలు చచ్చిపోయేవి. శాస్త్రవేత్తలు దాని బంధువుల్లాంటి పదార్థాలు తయారుచేస్తూ పోయారు. 1922లో డబ్లిన్‌లో మెట్‌ఫార్మిన్ తయారైంది, తర్వాత చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు, 1957లో ఫ్రాన్స్‌కు చెందిన డాక్టరు జాన్ స్టెర్న్ దాన్ని రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. అంటే చెట్టులోని గుణం తీసుకుని, విషం వదిలేసి, ప్రతి గోలీలో ఒకే మోతాదు ఉండేలా చేసుకున్నదే మీ చేతిలో ఉన్న మెట్‌ఫార్మిన్.

కిడ్నీల మాట. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. అది కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి, కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్ళకు మోతాదు తగ్గిస్తాం లేదా ఆపేస్తాం. దాన్ని చూసి ఊళ్ళో వాళ్ళు "ఈ గోలీ వేసుకున్నడు, కిడ్నీ పోయింది, డాక్టరే గోలీ ఆపిండు" అని తిప్పి చెప్పుకుంటారు. కిడ్నీలను తినేసేవి ఏళ్ళ తరబడి అదుపులో లేని షుగరు, బీపీ. వాటికి తోడు మోకాళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగే నొప్పి గోలీలు, వీటి గురించి మాత్రం ఎవరూ భయపడరు! మెట్‌ఫార్మిన్‌తో నిజంగా వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి: కడుపు ఉబ్బరం, విరేచనాలు, చాలా ఏళ్ళు వాడితే బీ12 విటమిన్ తగ్గడం. అవి ఉంటే చెప్పండి, వాటికి దారులున్నాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో ఫ్లోరిజిన్ అనే పదార్థం తీశారు. అది ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని 1886లో తేలింది. వందేళ్ళు దాటాక దాని నమూనా మీద తయారైనవే ఇప్పుడు డాక్టర్లు రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ లాంటి గోలీలు. 2020లో పేటెంటు ముగిశాక డాపాగ్లిఫ్లోజిన్ మన దేశంలో బాగా చవకైంది. ఈ రకం గోలీలు కిడ్నీ దెబ్బతినడాన్ని నెమ్మదింపజేస్తాయని పెద్ద పరిశోధనల్లో రుజువైంది. చెట్టు మందు కావాలంటే ఇది కూడా చెట్టు మందే, మీకు సరిపోతుందేమో మీ డాక్టరును అడగండి.

"మా పక్కింటి పిల్లకు పదకొండేళ్ళు. మూడు నెలల కింద షుగరు అని తేలింది, రోజుకు నాలుగు సూదులు. నానమ్మ ఏడుస్తున్నది, ఒక వైద్యుడు మూలికలతో సూదులు మానిపిస్తా అన్నడట, ఇంటిల్లిపాదీ ఆలోచనలో పడ్డరు." (ఒక అంగన్‌వాడీ టీచర్, జనగామ దగ్గరి పల్లె)

మీరు ఈ రోజే వాళ్ళింటికి వెళ్ళండి. ఈ ఒక్క జవాబు వాళ్ళకు చదివి వినిపించండి.

పిల్లల్లో సాధారణంగా వచ్చేది టైప్ 1 షుగరు. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలే నాశనమైపోతాయి. ఆ పిల్లకు ఇన్సులిన్ అంటే మందు కూడా కాదు, అన్నం నీళ్ళ లాంటిది. దాన్ని ఆపేస్తే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే, వాంతులు, కడుపునొప్పి, బరువుగా ఆయాసం, మగత వస్తాయి, ప్రాణం పోతుంది. ఏ ఆకు, ఏ వేరు, ఏ సారం దీన్ని భర్తీ చేయదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ళ అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ప్రపంచమంతటా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఒకటి రెండేళ్ళలో ఎండిపోయి చనిపోయేవాళ్ళు, మూలికలు అప్పుడూ ఉన్నాయి కదా!

నానమ్మ గారి బాధ నాకు అర్థమవుతుంది. మనవరాలికి రోజూ నాలుగుసార్లు సూది గుచ్చుతుంటే ఏ పెద్దమనిషికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఆమెను ఎవరూ కసరవద్దు. ఇన్సులిన్ పెన్నులు, సన్నని సూదులు వచ్చాయి, నొప్పి చాలా తక్కువ, అవి చూపించండి. సూదులు మొదలుపెట్టిన కొన్ని వారాలకో నెలలకో చాలామంది పిల్లల్లో ఇన్సులిన్ అవసరం తగ్గిపోయే దశ ఒకటి వస్తుంది, అది అందరికీ తెలియాలి. అప్పుడే ఎవరో ఇచ్చిన పొడి పని చేసిందని పొరపడి సూదులు మానేస్తారు. ఆ దశ తాత్కాలికం. ఇన్సులిన్ దొరకడం కష్టంగా ఉంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి పిల్లల విభాగంలో అడగండి. ఎండాకాలం ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్ సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, నీళ్ళు తగలకుండా, చల్లని మట్టికుండలో ఉంచండి.

"వరంగల్‌లో ఎం.ఫార్మసీ చేస్తున్నాను. మా ఆకు సారం 400 మిల్లీగ్రాముల మోతాదులో ఎలుకల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు గోలీతో సమానంగా షుగరు తగ్గించింది. ఇలాంటి పేపర్లు బోలెడు ఉన్నాయి, మరి అవి మందులుగా ఎందుకు రావడం లేదు?" (ఒక విద్యార్థి)

బాగా అడిగావు బాబూ. నీ లెక్కతోనే మొదలుపెడదాం. 400 మిల్లీగ్రాములు అన్నది ఎలుక బరువు కిలోకు. దాన్ని మనిషి మోతాదుకు మార్చాలంటే మామూలుగా 6.2తో భాగిస్తాం, అంటే కిలోకు దాదాపు 65 మిల్లీగ్రాములు, అరవై కిలోల మనిషికి రోజుకు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. అది సారం. వంద గ్రాముల ఎండుటాకు నుంచి పది గ్రాముల సారం వచ్చిందనుకుంటే, రోజుకు సుమారు నలభై గ్రాముల ఎండుటాకు కావాలి. అంత ఆకు రోజూ, ఏళ్ళ తరబడి ఎవరు తినగలరు, తింటే కాలేయం ఏమవుతుంది? నీ పేపర్లో ఇరవై ఒకటో ఇరవై ఎనిమిదో రోజుల లెక్క ఉంటుంది, మనిషి షుగరుతో ముప్ఫై ఏళ్ళు బతకాలి.

రెండోది, నీ ఎలుకకు షుగరు ఎలా వచ్చింది? స్ట్రెప్టోజోటోసినో అలోక్సానో అనే రసాయనం ఎక్కించి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపి ఉంటావు. మన ఊళ్ళలో నడివయసు మనిషికి వచ్చే టైప్ 2 అలా రాదు, అక్కడ ఇన్సులిన్ ఉంటుంది, ఒళ్ళు దాని మాట వినదు. పైగా గ్లిబెన్‌క్లమైడ్ పనిచేయాలంటే బీటా కణాలు కొన్నైనా బతికి ఉండాలి, కాబట్టి నీ ఎలుకల్లో అవి ఎన్ని మిగిలాయన్న దాన్ని బట్టి నీ పోలిక మొత్తం మారిపోతుంది. మూడోది, నువ్వు మెథనాల్‌లోనో ఇథనాల్‌లోనో తీసిన సారం వేరు, పల్లెలో అవ్వ నీళ్ళలో మరిగించే కషాయం వేరు, వాటిలో దిగే పదార్థాలే వేరు. అదే మొక్క ములుగు అడవిలో వానాకాలం కోసినప్పుడు ఒకలా, హన్మకొండలో కుండీలో ఎండాకాలం కోసినప్పుడు ఇంకోలా ఉంటుంది. సారంలో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచి స్థిరపరచకపోతే నీ ప్రయోగాన్ని ఇంకొకరు తిరిగి చేయలేరు.

ఇవన్నీ దాటిన పని ఒకటి చెబుతాను, చదువు. బెంగళూరు పరిశోధకులు 2008లో ప్రచురించారు, మొక్క ఏమిటంటే మన దొండ. కొత్తగా షుగరు బయటపడిన 60 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు ఒక గ్రాము దొండ సారం, రెండో జట్టుకు ఉత్తుత్తి గోలీ, ఎవరికి ఏది వెళ్తోందో ఇచ్చేవాళ్ళకూ తీసుకునేవాళ్ళకూ తెలియకుండా 90 రోజులు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్ళకు పరగడుపు షుగరు 16 శాతం, తిన్న తర్వాత షుగరు 18 శాతం తగ్గింది. అందరూ తేలిక జబ్బువాళ్ళే, చిన్న పరిశోధనే. అయినా వెయ్యి ఎలుకల పేపర్ల కంటే నాకు ఇది విలువైనది, ఎందుకంటే మనుషుల్లో, పోల్చి, కొలిచి చూశారు. నీలాంటి చదువుకున్న పిల్లలు పక్కనే ఉన్న దవాఖానతో కలిసి ఇలాంటివి చేయాలని నా కోరిక. మెట్‌ఫార్మిన్ కంటే గొప్పదా కాదా అన్నది తర్వాత, అసలు ఏ మోతాదు సురక్షితం అన్నది తేలితే మన జనానికి ఎంతో మేలు.

"మా వాడలో చాలామంది పొద్దున్నే బిళ్ళ గన్నేరు ఆకులు నమిలి మింగుతున్నరు, షుగరు రాదట." (ఒక పాఠకురాలు, కాజీపేట)

మాన్పించండి. మీకు దీని చరిత్ర చెప్పాలి. జమైకాలో షుగరుకు బిళ్ళ గన్నేరు కషాయం తాగే అలవాటు ఉండేది. 1952లో అక్కడి నుంచి కొన్ని ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్తకు చేరాయి. ఆయన సారం తీసి ఎలుకలకు ఇస్తే షుగరు ఏమీ తగ్గలేదు, కానీ రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఆయనా చార్లెస్ బీర్ అనే ఇంకో శాస్త్రవేత్తా ఆ దారి పట్టుకుని వెళ్ళి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును బయటికి తీశారు. ఆ మొక్క నుంచే వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల రక్త క్యాన్సర్‌కు ఈనాటికీ వాడుతున్నారు, దాని వల్ల బతికి బట్టకట్టిన పిల్లలు లెక్కలేనంత మంది. ఇంత మేలు చేసిన మొక్కను నేను తక్కువ చేయను. కానీ క్యాన్సర్ మందు పుట్టిన ఆకును పరగడుపున నమలడం ఏమిటి! విన్‌క్రిస్టిన్‌కు నరాలను దెబ్బతీసే గుణం ఉంది, షుగరు వాళ్ళకు అసలే కాళ్ళు తిమ్మిర్లు. తెల్లకణాలు తగ్గితే కాలి పుండు మానదు. పూలు దేవుడికి పెట్టండి, ఆకు మాత్రం నోట్లో పెట్టవద్దు.

"మా బాపు ఏటూరునాగారం వైపు నుంచి ఏగిస కట్టెతో చేసిన గ్లాసు తెచ్చుకున్నడు. రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగుతున్నడు. మంచిదేనా?" (ములుగు)

ఏగిస, పెద్దేగి అని మనవాళ్ళు పిలిచే ఈ చెట్టు ఆయుర్వేదంలో షుగరుకు పేరున్నదే. భారత వైద్య పరిశోధన మండలి దీని మీద నాలుగు కేంద్రాల్లో పరిశోధన చేయించి 1998లో ప్రచురించింది. కొత్తగా, తేలికగా షుగరు వచ్చిన 97 మందికి రోజుకు రెండు నుంచి నాలుగు గ్రాముల సారం ఇస్తే, పన్నెండు వారాల్లో 69 శాతం మందికి షుగరు అదుపులోకి వచ్చింది. అయితే పోల్చడానికి మందు తీసుకోని జట్టు లేదు. గ్లాసులో రాత్రంతా నానిన నీళ్ళలో ఆ సారం ఎంత దిగుతుందో చెప్పలేం, గ్లాసు పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. బాపు గోలీలు మానకుండా తాగితే తాగనివ్వండి, మీటరుతో చూస్తూ ఉండండి. అడవిలో ఈ చెట్టు తగ్గిపోతున్నది, దయచేసి బెరడు కోసం నిలబడి ఉన్న చెట్లను చెక్కనివ్వవద్దు.

మెంతులు, కాకర, నేరేడు, తిప్పతీగ, ఇన్సులిన్ మొక్క గురించి వచ్చిన చాలా ఉత్తరాలకు కలిపి

మెంతుల మీద నాకు నమ్మకం ఎక్కువ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1990లో ప్రచురించిన పరిశోధనలో నూనె తీసిన మెంతిపొడి రోజుకు వంద గ్రాములు పది రోజులు ఇస్తే మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. వంద గ్రాములు ఎవరూ తినలేరు, నానబెట్టిన మెంతులు రెండు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చు. మెంతుల బరువులో దాదాపు సగం పీచే, అది పేగులో జిగురుగా మారి చక్కెర నెమ్మదిగా ఒంటికి పట్టేలా చేస్తుంది. అందుకే పొడి చేసి మజ్జిగలోనో జొన్నరొట్టె పిండిలోనో కలిపి, భోజనంతో తీసుకుంటే లాభం. మిగతా గోలీలకూ మెంతులకూ మధ్య గంటో రెండు గంటలో తేడా పెట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరును అడగాలి.

కాకరకాయ కూర వారానికి ఎన్నిసార్లయినా తినండి. రసం, మాత్రల సంగతి వేరు: థాయ్‌లాండ్‌లో 2011లో ప్రచురించిన పోలికలో రోజుకు రెండు గ్రాముల ఎండు కాకర, ఒక గ్రాము మెట్‌ఫార్మిన్ కంటే తక్కువే పని చేసింది. గర్భిణులు కాకర రసం తాగవద్దు, కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరుకు ఏ ఆకు మందూ సొంతంగా వాడవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. నేరేడు పండు తినండి. ఆకుల టీని బ్రెజిల్‌లో సరిగ్గా పరీక్షించారు, షుగరు మీద ఏమీ తేడా రాలేదు. మనవాళ్ళు వాడేది గింజల పొడి, దాని మీద అంత గట్టి పరీక్ష లేదు.

తిప్పతీగ కరోనా రోజుల్లో ఇంటింటా తాగారు. ఆ తర్వాత కాలేయం దెబ్బతిన్న 43 మంది గురించి మన దేశంలోని కాలేయ నిపుణులు 2022లో ప్రచురించారు. అందరికీ అలా అవుతుందని కాదు, కానీ కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్, కీళ్ళవాతం లాంటి జబ్బులున్నవాళ్ళు దాని జోలికే పోవద్దు. ఇన్సులిన్ మొక్కలో ఇన్సులిన్ లేదు. ఉన్నా ఆకు నమిలితే కడుపులో అరిగిపోతుంది, అందుకే కదా ఇన్సులిన్‌ను సూదితో ఇస్తున్నది. కుండీలో అందంగా ఉంటుంది, ఉంచుకోండి.

"ఒక ఏజెంటు పొడి అమ్ముతున్నడు. డబ్బా మీద ఏమీ రాసి లేదు, కానీ మూడు రోజుల్లో 280 నుంచి 130కి వచ్చింది. ఇంత మంచి మందును డాక్టర్లు ఎందుకు ఒప్పుకోరు?" (మంచిర్యాల)

మూడు రోజుల్లో అంత తగ్గిందంటే నాకు సంతోషం కలగడం లేదు, అనుమానం కలుగుతోంది. మూలికల పొడిలో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ గోలీలు నూరి కలిపి అమ్మడం చాలా దేశాల్లో పట్టుబడింది. 2008లో సింగపూర్‌లో గ్లిబెన్‌క్లమైడ్ కలిపిన దొంగ మందుల వల్ల షుగరు లేనివాళ్ళు 150 మంది షుగరు పడిపోయి ఆస్పత్రి పాలయ్యారు, నలుగురు చనిపోయారు. మీరు డాక్టరు ఇచ్చిన గోలీ, ఆ పొడి రెండూ వాడుతుంటే ఒకే మందును తెలియకుండా రెండింతలు మింగుతూ ఉండవచ్చు. భస్మాలు కలిస్తే సీసం, పాదరసం భయం కూడా. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించి 2008లో ప్రచురించారు, ప్రతి అయిదింటిలో ఒకదాంట్లో ఈ లోహాలు దొరికాయి.

షుగరును నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. 1954 నాటి కేంద్ర చట్టం అలా ప్రకటించకూడని జబ్బుల జాబితా ఇచ్చింది, అందులో మధుమేహం ఉంది. డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, అందులో ఏమున్నాయో రాసి లేకపోతే కొనవద్దు. ఇప్పటికే కొన్న డబ్బా పారేయకుండా జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఇవ్వండి, మీ ఒక్క ఫిర్యాదు ఎందరికో సాయపడుతుంది. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే బీఏఎంఎస్ చదివిన వైద్యుల దగ్గరికే వెళ్ళండి, వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. అక్కడ కూడా మీరు వాడే గోలీల చీటీ చూపించండి.

"తంగేడు పూలు ఎండబెట్టి చాయ్ లాగా కాచుకుంటే షుగరు తగ్గుతదా? బతుకమ్మ రోజుల్లో ఎటూ పూలు తెస్తం." (ఒక పాఠకురాలు, నర్సంపేట)

తంగేడు పూల సారం ఎలుకల్లో షుగరు తగ్గించిందని తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్ళు 2002లో రాశారు, అక్కడ ఈ పూల చాయ్ పాత అలవాటే. మనుషుల్లో గట్టి పరీక్షలు లేవు కాబట్టి గోలీకి బదులుగా వద్దు. గోలీలు వేసుకుంటూ, చక్కెర వేయకుండా, రోజుకు ఒక కప్పు పలచగా తాగుతానంటే నాకు అభ్యంతరం లేదమ్మా. చక్కెర చాయ్ మానేసి దీన్ని తాగితే ఆ మానేసిన చక్కెర వల్లే కొంత లాభం. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి హెచ్‌బీఏ1సీ చేయించి రాసి పెట్టుకోండి, అప్పుడు మీకే తెలుస్తుంది. విరేచనాలైతే ఆపండి. పసుపు పచ్చని పూలే ఉండే కసింద మొక్కతో పొరపడవద్దు, దాని కాయలు గింజలు తిని ఉత్తరాదిలో పిల్లలు చనిపోయారు. పత్తి చేల గట్ల మీది పూలు మాత్రం చాయ్‌కి తేవద్దు, బతుకమ్మ రోజుల్లోనే పత్తికి పురుగుమందు ఎక్కువగా కొడతారు.